వేరు కింద, కొమ్మ పైన: √ గుర్తు లెక్కలను తేలిక చేసే భిన్న ఘాతాలు

కామారెడ్డి/ఎల్లారెడ్డి: తొమ్మిదో తరగతి గణితం పుస్తకం తెరిస్తే మొదటి పాఠమే వాస్తవ సంఖ్యలు. అందులో కొంత దూరం పోయాక √ గుర్తు వరుసగా వస్తుంది. దానికి ∛, ∜ తోడవుతాయి. ఆ తర్వాత ఉన్నట్టుండి 8 పైన చిన్నగా 2/3 అని రాసి ఉంటుంది. చాలా మంది పిల్లలు ఆగిపోయేది ఇక్కడే. 8ని రెండు సార్లు గుణించమంటే తెలుసు, మూడు సార్లు గుణించమన్నా తెలుసు. మరి మూడింట రెండు సార్లు గుణించడం అంటే ఏంటి?

ఈ ప్రశ్నకు జవాబు దొరకని పిల్లలు సూత్రాన్ని బట్టీ పడతారు, పరీక్ష అయ్యాక మరిచిపోతారు. పదో తరగతిలో సంవర్గమానాలు వచ్చినప్పుడు మళ్ళీ అక్కడే తట్టుకుంటారు. పాలిసెట్‌లో ఒక్క గణితానికే 60 ప్రశ్నలు ఉంటాయి. ఆ పరీక్ష దగ్గరికి వచ్చేసరికి "నాకు లెక్కలు రావు" అనే మాట ఇంట్లో ఖాయం అయిపోతుంది. ఆడపిల్ల అయితే ఆ మాట ఇంకా తొందరగా వస్తుంది, ఎంపీసీ తలుపు అక్కడే మూసుకుంటుంది. నిజానికి ఆగింది లెక్క దగ్గర కాదు, ఒక రాత పద్ధతి దగ్గర. ఆ పద్ధతి వెనక ఉన్న కారణం తెలిస్తే ఈ పాఠం ఒక్క సాయంత్రం పని.

మన ఇళ్ళల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లలు కొన్ని తరగతులు ఉర్దూ మీడియంలో, కొన్ని తెలుగు మీడియంలో చదివి, తర్వాత మైనారిటీ గురుకులంలోనో ప్రైవేటు బడిలోనో ఇంగ్లీష్ మీడియంలోకి మారతారు. ఒకే వస్తువుకు మూడు పేర్లు వింటారు. అందుకే ముందు పేర్ల సంగతి తేల్చుకుందాం.

ఒకటే మాట, మూడు భాషలు

ఉర్దూ పుస్తకంలో జజర్ అంటారు, తెలుగులో మూలం అంటారు, ఇంగ్లీష్‌లో రూట్ అంటారు. మూడింటి అర్థం ఒక్కటే: వేరు. చెట్టుకు ఉండే వేరు. జజ్‌రుల్ మురబ్బా అంటే వర్గమూలం, అంటే స్క్వేర్ రూట్. జజ్‌రుల్ ముకఅబ్ అంటే ఘనమూలం, అంటే క్యూబ్ రూట్.

అలాగే సంఖ్య పైన చిన్నగా రాసే అంకెను తెలుగులో ఘాతం లేదా ఘాతాంకం అంటారు. ఉర్దూలో కువ్వత్ నుమా, ఇంగ్లీష్‌లో పవర్ లేదా ఎక్స్‌పోనెంట్. కువ్వత్ అన్నా పవర్ అన్నా బలమే. కింద ఉన్న పెద్ద సంఖ్యను భూమి లేదా బేస్ అంటారు.

ఫోన్‌లో చదివేటప్పుడు పైన రాసే చిన్న అంకెలు సరిగా కనపడవు. కాబట్టి ఈ వ్యాసంలో 2^3 అని రాస్తే "2 పైన 3" అని చదువుకోండి. అంటే 2 × 2 × 2 = 8. అలాగే 8^(2/3) అంటే "8 పైన మూడింట రెండు".

సగం ఘాతం అంటే వర్గమూలం ఎందుకు?

ఒక చిన్న నియమం అందరికీ తెలిసిందే. ఒకే భూమి ఉన్న రెండు సంఖ్యలను గుణిస్తే ఘాతాలు కూడతాం. 2^3 × 2^4 = 2^7. మూడు రెండ్లు, నాలుగు రెండ్లు కలిపితే ఏడు రెండ్లు. ఇందులో వింత ఏం లేదు.

ఇప్పుడు 9^(1/2) అంటే ఏంటో మనకు తెలియదు అనుకుందాం. కానీ పై నియమం దీనికీ వర్తించాలని కోరుకుందాం. అప్పుడు

9^(1/2) × 9^(1/2) = 9^(1/2 + 1/2) = 9^1 = 9.

అంటే 9^(1/2) అనేది తనను తాను గుణించుకుంటే 9 ఇచ్చే సంఖ్య. అలాంటి ధన సంఖ్య ఏది? 3. అదే కదా √9. కాబట్టి 9^(1/2) = √9 = 3. ఇది ఎవరో పెట్టిన హుకుం కాదు. పాత నియమం చెడకుండా ఉండాలంటే సగం ఘాతానికి ఇంకో అర్థం ఉండే వీలే లేదు.

1/3 సంగతి కూడా అంతే. 8^(1/3)ని మూడు సార్లు గుణిస్తే ఘాతాలు 1/3 + 1/3 + 1/3 = 1 అవుతాయి, కాబట్టి 8 రావాలి. 2 × 2 × 2 = 8. అందుకే 8^(1/3) = ∛8 = 2. ఇలాగే 1/4 అంటే నాలుగో మూలం, 1/5 అంటే ఐదో మూలం.

ఒక జాగ్రత్త. 9^(1/2) అంటే 9లో సగం కాదు. 4.5 అని రాసే పిల్లలు ప్రతి తరగతిలో ఉంటారు. "సగం" అనేది సంఖ్యకు కాదు, గుణించే సార్లకు.

వేరు కింద, కొమ్మ పైన

మరి 8^(2/3) సంగతి? 2/3 అంటే 1/3ని రెండు సార్లు తీసుకోవడం. కాబట్టి ముందు ఘనమూలం తీసి, ఆ తర్వాత వర్గం చేయాలి. ∛8 = 2, 2^2 = 4. జవాబు 4. తిప్పి చేసినా అదే వస్తుంది: 8^2 = 64, ∛64 = 4.

గుర్తు పెట్టుకోవడానికి చెట్టును తలుచుకోండి. చెట్టుకు వేరు కింద ఉంటుంది, కొమ్మలు పైకి పెరుగుతాయి. భిన్నంలో కూడా కింది అంకె (హారం) వేరు, అంటే మూలం. పై అంకె (లవం) పెరుగుదల, అంటే ఘాతం. జజర్ అన్నా మూలం అన్నా వేరే కాబట్టి ఏ మీడియం పిల్లలకైనా ఇది పనికొస్తుంది.

చేతిలెక్కకు ముందు వేరు తీయడమే సుఖం, ఎందుకంటే సంఖ్య చిన్నదవుతుంది. 32^(3/5) చూడండి. ముందు ఐదో మూలం: 2 × 2 × 2 × 2 × 2 = 32, కాబట్టి 2. దాన్ని ఘనం చేస్తే 8. ముందే 32ని ఘనం చేయబోతే 32,768 వస్తుంది, దానికి ఐదో మూలం వెతుక్కుంటూ కూర్చోవాలి.

ఘాతం ముందు మైనస్ గుర్తు ఉంటే తలకిందులు చేయాలి, అంతే. 81^(-3/4) అంటే 1/81^(3/4). 81 నాలుగో మూలం 3, దాని ఘనం 27. జవాబు 1/27. మైనస్ ఘాతం వల్ల జవాబు మైనస్ కాదు, ఇది కూడా తరచూ జరిగే పొరపాటు.

పని చేసే నియమాలు ఐదే

భూమి ధన సంఖ్య అయినప్పుడు ఈ ఐదు నియమాలు భిన్న ఘాతాలకూ మామూలు ఘాతాలకూ ఒకేలా వర్తిస్తాయి.

1. గుణిస్తే ఘాతాలు కూడాలి.
2. భాగిస్తే ఘాతాలు తీసేయాలి.
3. ఘాతం మీద ఘాతం ఉంటే రెండింటినీ గుణించాలి.
4. బ్రాకెట్లో గుణకారం ఉంటే ఘాతం లోపలి ఒక్కో సంఖ్యకూ వెళుతుంది.
5. మైనస్ ఘాతం అంటే తలకిందులు.

√ గుర్తుతో వచ్చే ప్రతి లెక్కకూ వేరే సూత్రం బట్టీ పట్టాల్సిన అవసరం లేదు. గుర్తును భిన్న ఘాతంగా మార్చి, ఈ ఐదింటితో పని ముగించి, చివరికి కావాలంటే మళ్ళీ √ గుర్తులోకి తేవచ్చు. కొన్ని లెక్కలు చేసి చూద్దాం.

√50 ని సూక్ష్మీకరించండి. 50 = 2 × 5^2. సగం ఘాతం వేస్తే 2^(1/2) × 5^(2 × 1/2) = 2^(1/2) × 5. అంటే 5√2.

∛54 ని సూక్ష్మీకరించండి. 54 = 2 × 3^3. మూడో వంతు ఘాతం వేస్తే 2^(1/3) × 3. అంటే 3∛2.

√2 × ∛2 ఎంత? గుర్తులు వేరు వేరుగా ఉన్నాయి కాబట్టి చాలా మంది ఇక్కడ పెన్ను పక్కన పెడతారు. ఘాతాల్లో రాస్తే 2^(1/2) × 2^(1/3) = 2^(1/2 + 1/3) = 2^(5/6). అంటే 2^5కు, అంటే 32కు ఆరో మూలం. ఐదో తరగతి భిన్నాల కూడిక వస్తే ఈ లెక్క వచ్చినట్టే.

∜4 ని తేలిక చేయండి. 4 = 2^2, కాబట్టి 2^(2/4) = 2^(1/2) = √2. భిన్నాన్ని కొట్టివేస్తే నాలుగో మూలం వర్గమూలం అయిపోయింది.

64కు ముందు ఘనమూలం, దానికి వర్గమూలం తీస్తే? 1/3 × 1/2 = 1/6. 64 = 2^6, కాబట్టి 2^(6/6) = 2.

6/√3 లో హారంలోని మూలాన్ని తొలగించండి. 6 = 2 × 3, 1/√3 = 3^(-1/2). గుణిస్తే 2 × 3^(1 - 1/2) = 2 × 3^(1/2) = 2√3. అకరణీకరణం అని పెద్ద పేరు పెట్టిన పని ఇదే.

√2, ∛3 లలో ఏది పెద్దది? పరీక్షల్లో తరచూ కనిపించే ప్రశ్న. 1/2 = 3/6, 1/3 = 2/6 అని రాయండి. మొదటిది 2^(3/6), అంటే 8కి ఆరో మూలం. రెండోది 3^(2/6), అంటే 9కి ఆరో మూలం. 9 పెద్దది కాబట్టి ∛3 పెద్దది. క్యాలిక్యులేటర్ అక్కర్లేదు.

ఎక్కడ జారిపడతారు?

√(9 + 16) అంటే √9 + √16 కాదు. లోపల కూడితే 25, దాని వర్గమూలం 5. విడదీస్తే 3 + 4 = 7 వస్తుంది, అది తప్పు. నాలుగో నియమం గుణకారానికే గాని కూడికకు కాదు.

√2 + √3 = √5 కాదు. భూమి వేరైతే, మధ్యలో ప్లస్ ఉంటే అలాగే వదిలేయాలి. కానీ 3√2 + 5√2 = 8√2. మూడు మామిడి పళ్ళు, ఐదు మామిడి పళ్ళు లాంటిదే ఇది.

2^(1/2) × 3^(1/3) లో ఘాతాలు కూడొద్దు. భూములు ఒకటి కాదు.

భూమి రుణ సంఖ్య అయితే జాగ్రత్త. -4కు వాస్తవ సంఖ్యల్లో వర్గమూలం లేదు. -8కి మాత్రం ఘనమూలం ఉంది, అది -2. అందుకే పాఠ్యపుస్తకం భిన్న ఘాతాలు చెప్పేటప్పుడు "ధన వాస్తవ సంఖ్య" అని ముందే షరతు పెడుతుంది. ఆ రెండు మాటలు వదిలేసి చదవొద్దు.

పోచారం మత్తడి చెప్పే 3/2

"ఇవన్నీ ఎక్కడ పనికొస్తాయి?" అని పిల్లలు అడుగుతారు. మన జిల్లాలోనే జవాబు ఉంది.

నాగిరెడ్డిపేట మండలంలోని పోచారం ప్రాజెక్టు నిజాం కాలంలో కట్టింది, 1922లో పూర్తయింది. మంజీర మీద నిజాంసాగర్ పనులు 1923లో మొదలై 1931లో ముగిశాయి. ఆ కాలపు హైదరాబాద్ సంస్థానం చీఫ్ ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పేరు మన ఇళ్ళల్లో పెద్దలకు తెలిసిందే. ఆయన పుట్టినరోజు జూలై 11ని తెలంగాణలో ఇంజినీర్ల దినోత్సవంగా జరుపుతున్నారు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాన్ని ముంచెత్తిన వానల్లో పోచారం మీదుగా నీళ్ళు దుంకిన తీరు జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు.

చెరువు నిండి మత్తడి దుంకేటప్పుడు ఎంత నీరు పోతుందో ఇంజినీర్లు లెక్క కట్టే సూత్రంలో ఒక భిన్న ఘాతం ఉంది. అది 3/2. మత్తడి మీద నీటి ఎత్తు ఎంతో కొలిచి, దాని పైన 3/2 వేసి, మత్తడి పొడవుతో, ఇంకో స్థిర సంఖ్యతో గుణిస్తారు. మత్తడి ఆకారాన్ని బట్టి ఆ స్థిర సంఖ్య మారుతుంది. ఘాతం మాత్రం 3/2నే.

ఎందుకు 3/2? రెండు కారణాలు కలిశాయి. నీటి ఎత్తు పెరిగితే నీళ్ళు పోయే దారి అంతే రెట్లు పెరుగుతుంది, అది ఘాతం 1. నీటి వేగం మాత్రం ఎత్తు వర్గమూలం ప్రకారం పెరుగుతుంది, అది ఘాతం 1/2. రెండింటినీ గుణించాలి. గుణిస్తే ఘాతాలు కూడాలి: 1 + 1/2 = 3/2. తొమ్మిదో తరగతి మొదటి నియమమే ఇది.

ఇప్పుడు అంకెలు వేసి చూడండి. మత్తడి మీద 1 అడుగు నీరు పోతున్నప్పటి ప్రవాహాన్ని 1 అనుకుందాం.

2 అడుగులైతే: 2^(3/2) = √8 = 2√2, అంటే దాదాపు 2.83 రెట్లు.
4 అడుగులైతే: 4^(3/2) = 2^3 = 8 రెట్లు.
9 అడుగులైతే: 9^(3/2) = 3^3 = 27 రెట్లు.

ఎత్తు నాలుగింతలు అయితే ప్రవాహం నాలుగింతలు కాదు, ఎనిమిదింతలు. "నిన్న మోకాలి దాకా ఉండె, ఇవాళ నడుం దాకా వచ్చింది, అంతే కదా" అనుకుని వాగు దాటబోయే వాళ్ళకు ఈ లెక్క చెప్పాలి. వాగు మత్తడి ఒకటి కాదు, కానీ రెండింటిలోనూ నీటి ఎత్తు కన్నా నీటి బలం వేగంగా పెరుగుతుంది.

గేటు కింది నుంచి నీరు వదిలినప్పుడు కథ వేరు. గేటు తెరిచిన సందు మారకుండా ఉంటే, ప్రవాహం నీటి ఎత్తు పైన 1/2 ప్రకారం పెరుగుతుంది. ఎత్తు నాలుగింతలైతే ప్రవాహం √4 = 2 రెట్లే. అదే నీరు, అదే ఎత్తు, ఘాతం మారితే ఫలితం ఎంత మారిందో చూడండి.

కాలువల లెక్కలోనూ భిన్న ఘాతాలే. 19వ శతాబ్దపు ఐర్లండ్ ఇంజినీర్ రాబర్ట్ మానింగ్ పేరుతో ఉన్న సూత్రాన్ని సివిల్ ఇంజినీరింగ్ పిల్లలు ఇప్పటికీ చదువుతారు. అందులో కాలువ వాలు పైన 1/2, నీరు పారే కొలతకు సంబంధించిన ఇంకో అంశం పైన 2/3 ఉంటాయి. వాలు నాలుగింతలైతే వేగం రెండింతలు. ఆ రెండో అంశం ఎనిమిదింతలైతే వేగం 8^(2/3) = 4 రెట్లు. పాలిటెక్నిక్‌లో సివిల్ తీసుకోవాలనుకునే పిల్లలకు ఈ పాఠం మళ్ళీ ఎదురవుతుంది.

దుకాణం కిరాయిలో ఘనమూలం

నేను చదివింది కామర్స్. లెక్కలు తప్పించుకోవచ్చని కామర్స్‌లో చేరే వాళ్ళకు అక్కడ కూడా ఘనమూలమే ఎదురవుతుంది.

స్టేషన్ రోడ్డులో ఒక దుకాణం కిరాయి నెలకు 10,000 ఉండేది అనుకుందాం. ప్రతి ఏడూ ఒకే శాతం చొప్పున పెరుగుతూ మూడేళ్ళకు 13,310 అయింది. ఏడాదికి ఎంత శాతం పెరిగింది? మొత్తం పెరిగింది 33.1 శాతం, మూడుతో భాగిస్తే దాదాపు 11 శాతం అని చాలా మంది చెప్తారు. సరి చూద్దాం. 10,000 మీద మూడేళ్ళు వరుసగా 11 శాతం పెంచుతూ పోతే 13,676 దాటుతుంది. కాబట్టి 11 తప్పు.

సరైన దారి ఇది: 13,310 ÷ 10,000 = 1.331. మూడేళ్ళు కాబట్టి మూడో వంతు ఘాతం. 1.331^(1/3) = 1.1, ఎందుకంటే 1.1 × 1.1 × 1.1 = 1.331. ఏడాదికి 10 శాతం. మొదటి ఏడు 11,000, రెండో ఏడు 12,100, మూడో ఏడు 13,310. సరిపోయింది.

స్థలం ధర, బంగారం ధర, వ్యాపారంలో అమ్మకాలు, ఏదైనా ఇంతే. "రెండేళ్ళలో 44 శాతం పెరిగింది, అంటే ఏడాదికి 22" అని ఎవరైనా చెప్తే √1.44 = 1.2 అని గుర్తు చేసుకోండి. ఏడాదికి 20 శాతమే. బేరం కుదుర్చుకునేటప్పుడు ఆ రెండు శాతం చిన్నదేం కాదు.

ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చింది?

తెలుగు పుస్తకాల్లో కనిపించే కరణి అనే మాట సంస్కృతంలోని శుల్బ సూత్రాల కాలం నాటిది. మహావీరాచార్యుడి గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు.

ఇంకో దారి బగ్దాద్ నుంచి వచ్చింది. 9వ శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోని "అల్ జబ్ర్" నుంచే ఆల్జీబ్రా అనే మాట పుట్టింది. √2 లాగా పూర్తిగా తెగని మూలాలను అరబీ గణితంలో "అసమ్" అన్నారు. అసమ్ అంటే చెవిటి. 12వ శతాబ్దంలో ఆ పుస్తకాలు లాటిన్‌లోకి వెళ్ళినప్పుడు అదే అర్థంతో "సర్డస్" అన్నారు. ఇవాళ ఇంగ్లీష్ మీడియం పుస్తకంలో సర్డ్ అని ఉండేది ఆ మాటే.

సమర్‌ఖండ్‌లో అల్ కాషీ 1427లో పూర్తి చేసిన "మిఫ్తాహుల్ హిసాబ్" పుస్తకంలో 44,240,899,506,197 అనే సంఖ్యకు ఐదో మూలం చేత్తో తీసి చూపాడు. జవాబు 536 కన్నా ఒక్క రవ్వ ఎక్కువ. 536ని ఐదు సార్లు గుణిస్తే 44,240,899,506,176 వస్తుంది, మిగిలేది 21 మాత్రమే. కావాలంటే పిల్లలతో గుణించి చూపించమనండి.

√ గుర్తు 1525లో జర్మన్ భాషలో వచ్చిన క్రిస్టాఫ్ రుడాల్ఫ్ పుస్తకంలో అచ్చయింది. భిన్న ఘాతాల ఆలోచన 14వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన నికోల్ ఒరెమ్ రాతల్లో ఉంది. 17వ శతాబ్దంలో జాన్ వాలిస్ దాన్ని ముందుకు తీసుకెళ్ళాడు. 1676లో రాసిన ఉత్తరాల్లో న్యూటన్ వాడిన తర్వాత అది అందరి అలవాటుగా మారింది.

మన దగ్గర 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మీడియంలో మొదలైంది. పై చదువుల పుస్తకాలు ఉర్దూలోకి తేవడానికి 1917లోనే దారుల్ తర్జుమా ఏర్పాటు చేశారు. పెద్ద గణితం మన ఇంటి భాషలో రాదు అనే మాట ఈ గడ్డ మీద వందేళ్ళ కిందే తప్పని తేలింది.

ఇంట్లో ఏం చేయాలి?

అమ్మీ అబ్బా పెద్దగా చదువుకోకపోయినా ఈ పాఠంలో సాయం చేయవచ్చు. ఒక కాగితం మీద మూడు పట్టికలు రాయించి గోడకు అంటించండి: 1 నుంచి 20 దాకా వర్గాలు, 1 నుంచి 10 దాకా ఘనాలు, 2 పైన 1 నుంచి 10 దాకా ఘాతాలు. రోజూ పది నిమిషాలు మీరు సంఖ్య చెప్పండి, పిల్లలు వేరు చెప్పాలి. "343?" అంటే "7, ఘనమూలం" అనాలి. జవాబు సరో కాదో కాగితం చూసి మీరే చెప్పగలరు.

రెండోది, లెక్క చేసేటప్పుడు ఒక్క అంగకు ఒక్క వరుస రాయించండి. √50 నుంచి నేరుగా 5√2కు దూకొద్దు. మధ్యలో 2 × 5^2 కనపడాలి. తప్పు జరిగితే ఏ వరుసలో జరిగిందో దొరుకుతుంది.

మూడోది, పిల్లలు ఉర్దూ పేరుతో చెప్పినా తెలుగు పేరుతో చెప్పినా కొట్టిపారేయకండి. జజర్ అన్నా, మూలం అన్నా, రూట్ అన్నా లెక్క ఒకటే. పరీక్ష ఏ మీడియంలో ఉందో ఆ పేరు పక్కన రాసుకుంటే చాలు.

ఈ పది చేసి చూడండి

1. 25^(1/2)
2. 125^(2/3)
3. 16^(3/4)
4. √72 సూక్ష్మ రూపం
5. ∛16 సూక్ష్మ రూపం
6. √3 × ∜3
7. 729కి వర్గమూలం తీసి, దానికి ఘనమూలం
8. 64^(-1/2)
9. 10/√5 హారంలో మూలం లేకుండా
10. √3, ∛5 లలో పెద్దది ఏది?

జవాబులు: 1) 5. 2) 25. 3) 8. 4) 6√2. 5) 2∛2. 6) 3^(3/4), అంటే ∜27. 7) 3. 8) 1/8. 9) 2√5. 10) √3, ఎందుకంటే ఆరో మూలాలుగా రాస్తే 27, 25 వస్తాయి.

ఏడు కన్నా ఎక్కువ సరిగా వస్తే పిల్లలు ఈ పాఠం దాటినట్టే. తక్కువ వస్తే కంగారు పడొద్దు, ఐదు నియమాల్లో ఏది తప్పిందో చూసి ఆ ఒక్కదానికి ఇంకో నాలుగు లెక్కలు చేయించండి.